విమానం సీటుకు ఫోమ్, గాజు గుడ్డ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము శ్రీకాకుళం పట్టణానికి చెందిన నలుగురు మిత్రులం. కొనుక్కున్న ప్లాన్లను బట్టి, ఉక్కు గొట్టాల చట్రంతో, ఒకరు మాత్రమే కూర్చునే చిన్న విమానాన్ని రెండేళ్లుగా ఒక షెడ్డులో నిర్మించుకుంటున్నాం. ప్లానులో సీటును 12 మి.మీ. ప్లైవుడ్‌తో చేయమని ఉంది. దాని బదులు ఫోమ్ పలక మీద ఫైబర్‌గ్లాస్ పరచి చేసుకుంటే బరువు తగ్గుతుందని మా ఆలోచన. కళింగపట్నం వైపు తెప్పలకు ఫైబర్ పని చేసే మేస్త్రి ఒకాయన సాయం చేస్తానన్నారు. ఆయన అలవాటు ప్రకారం థర్మోకోల్ మీద మ్యాట్ పరచి, బోటు రెసిన్ పూసి నాలుగైదు పొరలు వేస్తే సరిపోతుందా? ఎన్ని పొరలు వేయాలి?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: మేస్త్రిగారి చేతి నేర్పును తప్పకుండా వాడుకోండి, ఆయన సరుకును మాత్రం వాడకండి. గుడ్డలో గాలి బుడగ ఎక్కడ దాగిందో వేలితో తడిమి చెప్పగలిగిన మనిషి దొరకడం మీ అదృష్టం. కానీ తెప్పలకు వాడేది పాలియెస్టర్ రెసిన్. అందులో స్టైరీన్ ఉంటుంది. థర్మోకోల్ కూడా స్టైరీన్ నుంచి పుట్టినదే కాబట్టి, ఆ రెసిన్ తగిలిన చోటల్లా పలక కరిగి గుంట పడుతుంది. నమ్మకం కుదరకపోతే అరచేయంత ముక్క మీద ఒక చెంచా రెసిన్ పోసి చూడండి. పెట్రోలు పోసినా ఇదే జరుగుతుంది. ఇంధనపు ట్యాంకుకు దగ్గరలో ఉండే ఏ భాగానికైనా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక మ్యాట్ గురించి. తరిగిన గాజు పోగులను ఇష్టం వచ్చిన దిశల్లో చల్లి అతికించిన ఆ చాప, తన బరువుకు రెండింతలకు పైగా రెసిన్ తాగుతుంది. నీటి మీద తేలే తెప్పకు ఆ బరువు భారం కాదు, పైగా రాళ్లకు, ఇసుకకు రాసుకునే అడుగుభాగానికి ఆ మందం అవసరం కూడా. విమానంలో రెసిన్ బరువును మోయవలసింది ఇంజను. బలమేమో గాజు పోగులో ఉంది, రెసిన్‌లో లేదు. రెసిన్ పని ఆ పోగులను ఉన్నచోట పట్టి ఉంచడమే.

మీకు కావలసినది ఎపాక్సీ రెసిన్, నేసిన గాజు గుడ్డ, గట్టి ఫోమ్. ఈ మూడింటితో అచ్చులు లేకుండా ఇంటి షెడ్డులోనే విమానం కట్టవచ్చని లోకానికి చూపించినవాడు అమెరికా డిజైనర్ బర్ట్ రుటాన్. 1975లో ఎగిరిన ఆయన వేరీ-ఈజీ విమానంలో ఫోమ్‌ను కావలసిన ఆకారానికి కోసి, దాని మీదే గాజు గుడ్డను ఎపాక్సీతో పరిచారు. మన దేశంలో బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించి 1993లో తొలిసారి ఎగరేసిన హంస శిక్షణ విమానం దేహం కూడా ఇటువంటి మిశ్రమ పదార్థాలతో చేసినదే. అందువల్ల మీ ఆలోచన వింతదేమీ కాదు. అయితే ప్లానులో ఉన్న భాగాన్ని మార్చేటప్పుడు ముందుగా ఆ ప్లాను గీసిన డిజైనరుకు ఉత్తరం రాసి అభిప్రాయం తీసుకోండి. ప్లైవుడ్ సీటు కొన్ని విమానాల్లో గొట్టాల చట్రానికి అడ్డంగా బిగింపునిస్తూ ఉంటుంది, మీ విమానంలో దానికి అటువంటి పని ఉందో లేదో ఆయనకే తెలియాలి.

మీరు అడిగిన పొరల లెక్కకు వచ్చే ముందు, ఈ నిర్మాణం ఎందుకు బలంగా ఉంటుందో చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటుపడినవారు పొరలు పెంచుకుంటూ పోతారు. ఇళ్లకు వాడే ఇనుప ఐ దూలాన్ని తలచుకోండి. దాని పైపట్టీ, అడుగుపట్టీ బరువును మోస్తాయి. మధ్యలోని నిలువు రేకు వాటిని ఒకదానికొకటి దూరంగా, జారిపోకుండా పట్టి ఉంచుతుంది. మన సీటులో పైనున్న గాజు పొర, కిందనున్న గాజు పొర ఆ రెండు పట్టీలు. ఫోమ్ నిలువు రేకు. 300 గ్రాముల గాజు గుడ్డ పొర ఒకటి ఎపాక్సీతో గట్టిపడ్డాక సుమారు 0.33 మి.మీ. మందం ఉంటుంది. అటువంటి నాలుగు పొరలను కలిపి అతికిస్తే 1.3 మి.మీ. రేకు వస్తుంది, దాన్ని చేత్తో వంచవచ్చు. అవే నాలుగు పొరలను రెండేసిగా విడదీసి నడుమ 25 మి.మీ. ఫోమ్ పెడితే, లెక్క ప్రకారం వంపును ఎదిరించే శక్తి వెయ్యి రెట్లు దాటుతుంది. ఈ లాభమంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది: గాజు పొర ఫోమ్‌ను ఎక్కడా వదలకూడదు. అతుకు వదిలిన మరుక్షణం అది రెండు పలుచని రేకులూ ఒక మెత్తని పలకా తప్ప మరేమీ కాదు. అందుకే నా సమాధానంలో ఎక్కువ భాగం అతుకు చుట్టూనే తిరుగుతుంది.

ఫోమ్ ఎంపిక. టీవీ పెట్టెల్లో వచ్చే పూసల థర్మోకోల్ వద్దు. పూసకూ పూసకూ మధ్య పట్టు తక్కువ, పై పొరను, కింది పొరను ఎదురెదురు దిశల్లో జరిపే బలానికి పూసలు విడిపోతాయి. రుటాన్ పద్ధతిలో రెక్కలకు వాడేది ఘనపు మీటరుకు 32 కిలోల దరిదాపులో ఉండే, పూసలు లేని నీలిరంగు పాలిస్టైరీన్ పలక. అది రెక్కకు చక్కగా పనికివస్తుంది కానీ, విమానం ఎక్కేటప్పుడు ఒకే చోట మడమ మోపి తొక్కే సీటుకు కొంచెం మెత్తన. సీటుకు 60 నుంచి 80 కిలోల సాంద్రత గల పీవీసీ ఫోమ్ పలక నా సలహా. పాలిస్టైరీన్‌ను వేడి తీగతో కోయవచ్చు. పీవీసీని, పాలియురేథేన్‌ను మాత్రం ఎన్నడూ వేడి తీగతో కోయకండి. మొదటిది హైడ్రోజన్ క్లోరైడ్‌ను, రెండవది సైనైడ్ కలిసిన పొగను విడుస్తుంది. ఈ రెండింటినీ సన్నపళ్ల రంపంతో కోసి గరుకు కాగితంతో రుద్దుకోవాలి.

గుడ్డ గురించి పొందూరు దగ్గరివారికి నేను చెప్పవలసినది తక్కువ. పడుగు, పేక సమానంగా ఉన్న, చదరపు మీటరుకు 300 గ్రాముల గుడ్డను తీసుకోండి. ఒక పొరను సీటు అంచులకు సమాంతరంగా, రెండవ పొరను ఐమూలగా, అంటే 45 డిగ్రీల కోణంలో వేయండి. ఐమూలగా కోసిన గుడ్డ వంపుల మీద ముడత లేకుండా ఒదుగుతుంది, మెలితిప్పే బలాన్నీ ఎదిరిస్తుంది. వీపు పలకకు ప్రతి వైపూ రెండు పొరలు, కూర్చునే పలకకు పైన మూడు, కింద రెండు పొరలతో మొదలుపెట్టండి. ఇది ఆరంభం మాత్రమే. సరిపోయిందా లేదా అన్నది కింద చెప్పబోయే బరువు పరీక్ష తేల్చాలి.

బరువు లెక్క కూడా వేసి చూద్దాం. 45 సెం.మీ. వెడల్పు, కూర్చునే భాగం 45, వీపు భాగం 75 సెం.మీ. అనుకుంటే మొత్తం వైశాల్యం 0.54 చదరపు మీటరు. సగటున నాలుగు పొరలకు గాజు 650 గ్రాములు. చేత్తో చేసే పనిలో గాజు 60 పాళ్లు, రెసిన్ 40 పాళ్లు ఉంటే మంచి పనితనం కింద లెక్క, కాబట్టి రెసిన్ సుమారు 430 గ్రాములు. 60 కిలోల సాంద్రత గల 25 మి.మీ. ఫోమ్ 810 గ్రాములు. అతుకు పూతకు మరో 300 గ్రాములు వేసుకున్నా, అదనపు పొరతో కలిపి సీటు రెండున్నర కిలోలు దాటదు. అదే కొలతల ప్లైవుడ్ నాలుగున్నర కిలోల దాకా తూగుతుంది. మిగిలేది రెండు కిలోలు. చిన్న విమానంలో అది విలువైనదే కానీ, దాని కోసం పనిలో తొందరపడేటంత విలువైనది కాదు.

ఎపాక్సీ విషయంలో మేస్త్రిగారితో ఒక మాట ముందే స్పష్టంగా మాట్లాడుకోండి. పాలియెస్టర్‌లో కెటలిస్టును, అంటే రెసిన్ గట్టిపడడాన్ని మొదలుపెట్టే మందును, ఎండను బట్టి, తొందరను బట్టి కాస్త ఎక్కువ తక్కువలు చేయడం వారి వృత్తి నేర్పు. ఎపాక్సీలో హార్డెనర్ కెటలిస్టు కాదు. అది రెసిన్‌తో కలిసి తానూ ఆ పదార్థంలో భాగమవుతుంది. డబ్బా మీద రాసిన నిష్పత్తిని గ్రాముల తూకంతో పాటించాలి. ఇంజనీరింగ్ కాలేజీల ప్రయోగశాలల్లో తరచు కనిపించే ఎల్‌వై 556 రెసిన్, హెచ్‌వై 951 హార్డెనర్ జంటకు ఆ నిష్పత్తి బరువులో 100కు 10. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడదు, బలహీనంగా గట్టిపడుతుంది. ఒక్కసారి 100 గ్రాములకు మించి కలపకండి. లోతైన గ్లాసులో ఎక్కువ కలిపి వదిలేస్తే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి వంచుకుంటే కొంత వ్యవధి దొరుకుతుంది. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే జీవితాంతం వదలని ఎలర్జీ పట్టుకోవచ్చు. నైట్రైల్ చేతొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోవద్దు, చేతులు ఎసిటోన్‌తో కడుక్కోవద్దు.

పని వరుస ఇలా ఉంటుంది. ఫోమ్‌ను ఆకారానికి తెచ్చుకుని దుమ్మంతా దులిపేయండి. గాజు గుడ్డ పదునైన అంచు మీద మడత పడదు, లేచిపోతుంది. కాబట్టి గుడ్డ తిరిగే ప్రతి అంచునూ కనీసం 6 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రం చేయండి. సీటును చట్రానికి బిగించే బోల్టులు వచ్చే చోట ఫోమ్‌ను తొలిచి, దాని స్థానంలో మంచి ప్లైవుడ్ దిమ్మెనో, గాజు పొరలతోనే చేసిన గట్టి దిమ్మెనో ఎపాక్సీతో కూర్చండి. ఫోమ్ గుండా నేరుగా బోల్టు వేస్తే నట్టు బిగించినకొద్దీ ఫోమ్ నలిగి, కొన్నాళ్లకు ఆ చోట వదులవుతుంది. పలక అంచుల చుట్టూ కూడా 6 మి.మీ. లోతున ఫోమ్ తీసేసి, ఎపాక్సీలో దూది పొడి కలిపిన గట్టి ముద్దతో నింపితే పై పొర, కింది పొర అంచు దగ్గర ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

తరువాత అసలైన అతుకు. ఎపాక్సీలో బోలు గాజు పూసల పొడిని సమాన పరిమాణంలో కలిపి, పలుచని జావలా చేసి ఫోమ్ మీద రబ్బరు పలకతో లాగండి. ఈ జావ ఫోమ్ పైభాగంలోని తెరిచిన గదులను నింపి, గుడ్డలోని రెసిన్‌ను ఫోమ్ తాగేయకుండా అడ్డుకుంటుంది. ఇది తడిగా ఉండగానే మొదటి పొర గుడ్డ పరచి, మధ్య నుంచి అంచులకు ఒత్తుకుంటూ రావాలి. తెల్లగా కనిపించే ప్రతి మచ్చా గాలి. తళతళ మెరిసే ప్రతి మడుగూ అనవసరపు బరువు. నేత గళ్లు స్పష్టంగా కనబడుతూ, గుడ్డ తడిసి పారదర్శకమై, పైన రెసిన్ నిలవకుండా ఉంటే సరిగ్గా కుదిరినట్టు. మేస్త్రిగారి అనుభవం మీకు అక్కరకు వచ్చేది ఇక్కడే. నాలుగైదు గంటల తరువాత గుడ్డ తోలులా వంగే దశకు వస్తుంది. అంచులకు వేలాడే భాగాన్ని ఆ సమయంలో బ్లేడుతో కోస్తే పనసకాయ తొన తీసినంత సులువు, మర్నాటికి రంపం కావాలి. ఒక రోజు ఆరనిచ్చి, తిరగేసి రెండవ వైపు చేయండి.

మీ ఊరి వాతావరణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో, ముసురు పట్టిన ఒక ఆగస్టులో మొదటి పొర వేసి, మర్నాడు దాని మీద రెండవ పొర వేశాను. వారం తరువాత చివర పట్టుకుని లాగితే రెండవ పొర అప్పడంలా మొత్తంగా లేచి వచ్చింది. గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో హార్డెనర్ కలిసి, గట్టిపడిన ఎపాక్సీ మీద మైనంలాంటి పలుచని పొర ఏర్పడుతుంది. చేతికి కొద్దిగా జిడ్డుగా తగులుతుందే తప్ప కంటికి కనబడదు. దాన్ని శుభ్రమైన నీళ్లతో, పాత్రలు తోమే ఆకుపచ్చ పీచుతో కడిగి ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్దాకే తదుపరి అతుకు వేయాలి. థిన్నరుతో తుడిస్తే పోదు. ఆనాటి నుంచి, తరువాత అతుకు పడవలసిన చోటల్లా ఆఖరి పొర మీద నైలాను గుడ్డ ఒకటి పరచి, ఆరాక దాన్ని ఒలిచేసే పద్ధతిని పాటిస్తున్నాను. జిడ్డు దానితోపాటే పోతుంది, మిగిలిన గరుకుదనం అతుకుకు పనికివస్తుంది. తీరం దగ్గర జూన్ నుంచి నవంబరు దాకా ఈ పని పెట్టుకోకండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు విడిచిన తరువాత, 25 నుంచి 30 డిగ్రీల వేడిమిలో చేసుకుంటే అన్ని విధాలా మేలు.

అసలు సీటును మొదలుపెట్టే ముందు, అదే సరుకుతో 30 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు గల ముక్క ఒకటి తప్పకుండా చేయండి. రెండు ఇటుకల మీద పెట్టి విరిగేదాకా బరువు వేయండి. విరిగిన చోట గాజు పొర నున్నగా ఊడివస్తే అతుకు చెడింది, పద్ధతి మార్చుకోవాలి. ఊడిన పొరకు ఫోమ్ కండ అంటుకుని వస్తే అతుకు ఫోమ్ కంటే బలంగా ఉందన్నమాట. ఆ దృశ్యం చూసేదాకా సీటు జోలికి వెళ్లవద్దు.

ఇక బరువు పరీక్ష. సాధారణ శ్రేణి చిన్న విమానాలు గాలిలో తట్టుకోవలసిన పరిమితి 3.8 జి, అంటే మనిషి బరువు 3.8 రెట్లయినట్టు సీటు మీద పడుతుంది. 90 కిలోల పైలట్‌కు అది 342 కిలోలు. దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే 513 కిలోలు. 342 కిలోల దగ్గర సీటు వంగినా బరువు తీయగానే యథాస్థితికి రావాలి, 513 కిలోల దగ్గర కనీసం 3 సెకన్లు విరగకుండా నిలవాలి. ఖాళీ బియ్యం సంచుల్లో నాగావళి ఇసుక నింపుకోండి. ఇసుక బియ్యం కంటే సుమారు రెండింతల బరువు కాబట్టి 25 కిలోల సంచిని సగం నింపితే 25 కిలోలవుతుంది, తూచి మూతి కట్టండి. 14 సంచులతో మొదటి పరీక్ష, 21 సంచులతో రెండవది. సీటును నేల మీద కాకుండా విమానపు చట్రంలోనే, దాని బోల్టులతోనే బిగించి, పిరుదులు, తొడలు ఆనే చోటనే సంచులు పేర్చండి. పేర్చేటప్పుడు ఎవరి చేయీ, కాలూ కింద ఉండకూడదు. చిటచిటమనే చప్పుడు వినబడితే ఆపి, ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది. మూసిన కాక్‌పిట్‌లో మే నెల ఎండకు లోపలి వేడిమి బయటికంటే ఎంతో ఎక్కువగా ఉంటుంది కాబట్టి, వీలైతే మధ్యాహ్నపు ఎండలోనే ఈ పరీక్ష చేయండి. సీటుకు తెల్ల రంగు వేయండి.

ఒక్కటి మాత్రం పరీక్షకు వదలకండి: నడుము బెల్టును, భుజాల బెల్టును సీటుకు కట్టకండి, ఉక్కు గొట్టాల చట్రానికే కట్టండి. చాలాకాలం చిన్న విమానాలకు ప్రమాణంగా నిలిచిన అమెరికా నిబంధనల 23వ భాగం, అత్యవసర దిగుబడిలో మనిషి ముందుకు 9 జి, పైకి 3 జి, పక్కకు 1.5 జి బలాలతో విసిరివేయబడినా పట్టి ఉంచాలని, ఆ బిగింపులకు అదనంగా 1.33 రెట్ల బలం ఉండాలని కోరింది. 90 కిలోల మనిషికి 9 జి అంటే 810 కిలోలు. ఆ లాగుడు చట్రం మోయవలసినది, ఫోమ్ మోయవలసినది కాదు.

అనుమతుల సంగతి మీరు అడగలేదు కానీ, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు ఇప్పుడే మొదలుపెట్టండి. ముంబయిలో తన ఇంటి మేడ మీద విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ దాని నమోదు కోసం ఏళ్ల తరబడి తిరిగి, 2017లో సాధించారు. మీ పనిలో ప్రతి దశనూ ఫోటో తీసి, రెసిన్ తూకాలు, తేదీలు, ఆనాటి తేమ ఒక పుస్తకంలో రాసి ఉంచండి. పూత కింద ఏముందో తరువాత చూపించగలిగేవి అవే.

ప్రశ్న: మా ప్రాంతంలో జీడిపిక్కల తొక్కల నూనె నుంచి కూడా ఎపాక్సీ హార్డెనర్లు తయారవుతాయని విన్నాను. ఇది నిజమేనా? విమానం పనికి వాడవచ్చునా?
— ఒక పాఠకురాలు, పలాస

సమాధానం: నిజమే, చెప్పుకోవడానికి నాకూ సంతోషంగా ఉంది. తొక్కల నూనె నుంచి తీసే కార్డనాల్ అనే పదార్థంతో ఫెనాల్‌కమైన్ అనే హార్డెనర్లు చేస్తారు. చలిలోనూ, తేమలోనూ గట్టిపడడం వాటి ప్రత్యేకత. అందుకే ఓడల పూతల్లో వాటికి గిరాకీ. అయితే పూతకు కావలసిన గుణం వేరు, గాజు గుడ్డను తడిపి బలాన్ని మోయవలసిన రెసిన్‌కు కావలసిన గుణం వేరు. విమాన భాగానికి మాత్రం లామినేషన్ కోసమే, అంటే గుడ్డ పొరలను ఒకదానిపై ఒకటి అతికించే పని కోసమే తయారై, బలం, వేడి తట్టుకునే పరిమితి అచ్చువేసి ఇచ్చిన రెసిన్, హార్డెనర్ జంటనే వాడండి. ఒక కంపెనీ రెసిన్‌కు మరొక రకం హార్డెనర్ జతచేయవద్దు.

ప్రశ్న: నేను విజయనగరంలో ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాను. మా నెల్లిమర్ల వైపు జనపనారకు కొదవ లేదు. గాజు గుడ్డకు బదులు గోనె గుడ్డతో విమానం సీటు చేసి ప్రాజెక్టుగా చూపించాలని ఉంది. సాధ్యమేనా?
— ఒక విద్యార్థి, విజయనగరం

సమాధానం: ప్రాజెక్టుగా చేయండి, మంచి ఆలోచన. ఎగిరే విమానంలో మాత్రం పెట్టకండి. జనపనార పోగు గాజు కంటే తేలిక. గాజు సాంద్రత 2.5 అయితే దీనిది 1.5కు లోపే. వంగకుండా నిలిచే గుణంలో, బరువుకు బరువు పోల్చితే, గాజుకు మరీ దూరంగా ఉండదు. కానీ తెగకుండా లాగుడును తట్టుకునే బలంలో గాజుకు ఎన్నో రెట్లు వెనుకబడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు తేమ. జనపనార నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది, ఆ కదలికకు రెసిన్ అతుకు లోపల్లోపలే విడుతుంది. గోనె గుడ్డలో నేత వదులు కావడం వల్ల ఆ సందుల్లో రెసిన్ నిండి బరువు కూడా పెరుగుతుంది.

మీరు చేయవలసినది పోలిక. ఒకే ఫోమ్, ఒకే ఎపాక్సీ తీసుకుని, గాజుతో ఆరు ముక్కలు, గోనెతో ఆరు ముక్కలు చేయండి. గోనెను పలుచని కాస్టిక్ సోడా నీటిలో నానబెట్టి కడిగి, బాగా ఎండబెట్టి వాడితే రెసిన్ పట్టు మెరుగుపడుతుంది. సగం ముక్కలను వారం రోజులు నీటిలో ఉంచి, మిగిలిన సగాన్ని పొడిగా ఉంచి, అన్నింటినీ ఒకే తీరులో విరవండి. బరువు, విరిగిన భారం, విరిగిన తీరు పట్టికగా రాయండి. కారు తలుపు లోపలి పలకలకు ఇటువంటి నారలను నిజంగానే వాడుతున్నారు. మీ ఫలితాలు ఆ దారిలో ఎవరికైనా పనికివస్తాయి.

ప్రశ్న: సీటు ఫైబర్‌తో గట్టిగా ఉంటుంది కాబట్టి దాని మీద పరుపుల దుకాణంలో దొరికే నాలుగు అంగుళాల మెత్తని స్పాంజి వేస్తే, కుదుపుల నుంచి నడుముకు రక్షణ ఉంటుంది కదా? మా అన్నయ్య తన విమానానికి అలాగే చేస్తానంటున్నారు.
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: అమ్మా, ఈ ఉత్తరం మీ అన్నయ్యగారికి తప్పక చూపించండి. మెత్తని స్పాంజి నడుమును కాపాడదు, ప్రమాద సమయంలో గాయాన్ని పెంచుతుంది.

విమానం బరువుగా నేలను తాకినప్పుడు సీటు పలక ఒక్కసారిగా ఆగుతుంది. మనిషి మాత్రం స్పాంజిని నలుపుకుంటూ ఇంకా కిందికి దిగుతూనే ఉంటాడు. ఆ నాలుగు అంగుళాల ప్రయాణంలో స్పాంజి అతన్ని ఏమాత్రం నెమ్మదింపజేయదు. అది పూర్తిగా అణిగాక మనిషి, అప్పటికే ఆగిపోయిన గట్టి పలకను పూర్తి వేగంతో ఢీకొంటాడు. ఆ దెబ్బ నేరుగా వెన్నెముక కింది పూసల మీద పడుతుంది. ఆపైన నలిగిన స్పాంజి తిరిగి లేస్తూ మనిషిని పైకి తంతుంది. 23వ భాగం నిబంధనల్లో సీటును సుమారు 19 జి తాకిడికి గురిచేసే పరీక్ష ఉండేది. అందులో నడుము పూసల మీద భారం 680 కిలోలు దాటకూడదని హద్దు పెట్టారు. మెత్తని దిండు మారిస్తే చాలు, అదే సీటు ఆ హద్దును దాటిపోవచ్చు.

కావలసినది నెమ్మదిగా నొక్కితే మెత్తగా, ఒక్కసారిగా కొడితే గట్టిగా ప్రవర్తించి, మెల్లగా తిరిగి లేచే ఫోమ్. 1966లో నాసా కోసం చార్లెస్ యోస్ట్ విమాన సీట్ల నిమిత్తమే దీన్ని రూపొందించారు. ఇప్పుడు పరుపుల దుకాణాల్లో మెమరీ ఫోమ్ పేరుతో దొరుకుతున్నది దాని సంతతే అయినా, పరుపు కోసం చేసినది సీటుకు సరిపడేంత గట్టిగా ఉండదు. విమాన సామగ్రి అమ్మేవారి దగ్గర ఈ జాతి ఫోమ్ గట్టిదనాన్ని బట్టి వేర్వేరు రంగుల్లో దొరుకుతుంది. అడుగున గట్టిది, పైన కొంచెం మెత్తనిది పెట్టి, మొత్తం 5 నుంచి 7 సెం.మీ. మందంతో సరిపెట్టుకోవాలి. ఈ ఫోమ్ చలికి గట్టిపడి, ఎండకు మెత్తబడుతుంది. మన ఎండల్లో వాడేటప్పుడు ఒక మెట్టు గట్టి రకాన్నే ఎంచుకోమని నా సలహా. పైన వేసే గుడ్డ మంటను పట్టనిది కావాలి. రెక్సిన్ గాలి ఆడనివ్వదు, మంటలో కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఇంకో సంగతి కూడా మీ అన్నయ్యగారికి చెప్పండి. కూర్చునే పలక ముందు అంచు వెనుక అంచు కంటే ఎత్తుగా ఉండాలి. అది సమంగా ఉన్నా, మెత్తని దిండు ఉన్నా, ముందుకు ఆగినప్పుడు మనిషి నడుము బెల్టు కిందుగా జారిపోతాడు, బెల్టు కటి ఎముకను వదిలి మెత్తని కడుపులోకి దిగుతుంది. తొడల కింద ఎత్తు ఇవ్వడం ఫోమ్‌తో చేసే సీటులో ఏమీ కష్టం కాదు. ప్లైవుడ్ పలక కంటే ఈ పద్ధతిని నేను ఎక్కువగా ఇష్టపడడానికి అదొక కారణం.

ప్రశ్న: ఫైబర్ సీటు చేసి ఏడాది అయింది. పైకి ఏ పగులూ లేదు. లోపల అతుకు వదిలిందో లేదో ఎక్స్‌రే లేకుండా తెలుసుకునే మార్గముందా?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

సమాధానం: ఉంది. ఒక రూపాయి నాణెం చాలు. సీటు పైభాగమంతా రెండేసి సెంటీమీటర్ల గళ్లుగా పెన్సిలుతో గీసుకుని, ప్రతి గడిలోనూ నాణెం అంచుతో మెల్లగా తట్టండి. అతుకు బాగున్న చోట చప్పుడు కణకణమని తెగుతుంది, వదిలిన చోట డొల్ల కుండను తట్టినట్టు బొద్దుగా వినబడుతుంది. దిమ్మెలు పెట్టిన చోట, అంచుల దగ్గర శబ్దం సహజంగానే వేరుగా ఉంటుంది కాబట్టి, సీటు కొత్తగా ఉన్నప్పుడే ఒకసారి తట్టి ఆ తేడాను గుర్తుపెట్టుకుంటే మంచిది. అనుమానపు గళ్లను రంగు పెన్సిలుతో గుర్తించి, నెల తరువాత మళ్లీ తట్టి అవి విస్తరిస్తున్నాయేమో చూడండి.

రూపాయి బిళ్లంత చోటు ఒక్కటే వదిలి, పెరగకుండా ఉంటే అక్కడ సన్నని రంధ్రాలు రెండు వేసి, ఒకదానిలో సిరంజితో ఎపాక్సీ ఎక్కించి రెండవ దానిలోంచి బయటికి వచ్చేదాకా నింపి, పైన బరువు పెట్టి ఆరబెట్టవచ్చు. అరచేయంత చోటు వదిలినా, బోల్టు దిమ్మె చుట్టూ వదిలినా ఆ మరమ్మతు చాలదు. పై పొరను కోసి తీసి, ఫోమ్‌ను పరిశీలించి, కోసిన అంచు చుట్టూ పాత గాజును ప్రతి పొరకూ కనీసం రెండున్నర సెం.మీ. చొప్పున ఏటవాలుగా రుద్ది, అన్ని పొరలనూ అదే దిశల్లో తిరిగి వేసి, ఇసుక సంచుల పరీక్ష మళ్లీ చేయాలి. అంతవరకూ ఆ సీటులో ఎవరూ ఎగరవద్దు.